బేర్‌బో రేంజర్‌కి రెండో ఆయుధం

ప్రశ్న: నమస్తే అండీ. గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆటలో రేంజర్ పాత్ర ఆడుతున్నాను. మూడు నెలలు ఆడి లెవెల్ 80కి వచ్చాను. మొదటి నుంచీ చేతిలో లాంగ్‌బో, పక్కన బ్రౌన్ బేర్. ఒంటరిగా తిరిగినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఎలుగు దెబ్బలు తింటుంది, నేను దూరం నుంచి బాణాలు వేస్తాను. ఈ మధ్య ఐదుగురి గ్రూపుల్లో ఫ్రాక్టల్స్‌కి, అంటే గ్రూపుగా దాటాల్సిన చిన్న చిన్న సాహసాలకి, వెళ్లడం మొదలుపెట్టాక మాత్రం రోజూ టెన్షనే. ఒకాయన నా ఎలుగునీ విల్లునీ చూసి "బేర్‌బో వచ్చిందిరా" అని నవ్వాడు. ఇంకొకాయన "ఆ నాలుగో బటన్ ఇంకోసారి నొక్కితే గ్రూపులోంచి తీసేస్తా" అన్నాడు. నా డ్యామేజ్ కూడా అందరికంటే తక్కువగానే ఉంటోంది. కవచాలు, నగలు దొరికినవి దొరికినట్టు వేసుకున్నాను, వాటి మీద పేర్లు మాత్రం తలా ఒకటి. లాంగ్‌బో వదిలేయాలా? ఏ ఆయుధాలు తీసుకోవాలి, ఏ బిల్డ్ (కవచాలు, స్కిల్స్ కూర్పు) పెట్టుకోవాలి? నా ఎలుగుకి భల్లూకరావు అని పేరు కూడా పెట్టుకున్నాను. దాన్నీ వదిలేయాల్సిందేనా?
- పేరు వద్దు

సమాధానం: భల్లూకరావు గారి సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ నాలుగో బటన్ గొడవ తేల్చాలి, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంది.

లాంగ్‌బోలో నాలుగో స్కిల్ పాయింట్ బ్లాంక్ షాట్. శత్రువు మీకు ఎంత దగ్గరగా ఉంటే అంత దూరం ఎగిరి పడతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. మీద పడ్డవాణ్ని అవతలికి తోసి, వాడు లేచి వచ్చేలోగా ఇంకో నాలుగు బాణాలు వేసుకోవచ్చు. గ్రూపులో వ్యవహారం వేరు. అక్కడ ఎవరో ఒకరు కష్టపడి శత్రువులందర్నీ ఒక మూలకి లాగి గుట్టగా పోగేస్తారు. కత్తులు, గొడ్డళ్ల దెబ్బ ఒకేసారి ముగ్గురికో ఐదుగురికో తగులుతుంది కాబట్టి అలా పోగేస్తే పని త్వరగా అవుతుంది. నేల మీద వేసే నిప్పులూ మెరుపులూ కూడా ఆ గుట్ట మీదే పడతాయి. సరిగ్గా అప్పుడు మీ బాణం వచ్చి అందులోంచి ఒకణ్ని గది అవతలికి పంపిస్తుంది. నలుగురి స్కిల్స్ ఖాళీ నేలని కొడతాయి. ఆయనకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు, కాకపోతే కారణం చెప్పి కోప్పడాల్సింది.

ఈ మాట ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, నేనూ అదే ఘనకార్యం చేశాను. కొత్తలో ఒక గ్రూపులో మెస్మర్ అనే మాయల పాత్ర ఆడుతున్న ఆవిడ అందర్నీ ఒక చోటికి లాగడం, నేను సంబరంగా నాలుగు నొక్కడం, మళ్లీ ఆవిడ లాగడం, మళ్లీ నేను నొక్కడం. సాయం చేస్తున్నాననుకున్నాను. మూడోసారి ఆవిడ నిలబడిపోయి, చాట్‌లో చుక్కలు మాత్రం పెట్టింది. ఆ చుక్కల అర్థం నాకు వారం తర్వాత తెలిసింది.

అలాగని ఆ బటన్ మీద ఒట్టు పెట్టుకోకండి. పెద్ద బాస్‌ల ప్రాణం గీత కింద ఇంకో సన్న గీత కనిపిస్తుంది, దాన్ని డిఫయన్స్ బార్ అంటారు, మన వాళ్లు బ్రేక్‌బార్ అంటారు. ఆ గీత ఉన్న బాస్ మీరు తోసినా కదలడు. దానికి బదులు తోయడం, స్టన్ చేయడం లాంటి స్కిల్స్ అన్నీ ఆ గీతని కొరుకుతాయి. గీత నీలంగా వెలిగినప్పుడు అందరూ కలిసి దాన్ని విరిచేస్తే బాస్ కాసేపు చేష్టలుడిగి నిలబడతాడు. అప్పుడు మీ పాయింట్ బ్లాంక్ షాట్‌ని తిట్టేవాళ్లు ఉండరు. చిన్న శత్రువుల గుట్ట మీద నొక్కకూడదు, బ్రేక్‌బార్ నీలంగా ఉంటే తప్పకుండా నొక్కాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మీ మీద వచ్చే తిట్లు సగం తగ్గుతాయి.

ఇక డ్యామేజ్ సంగతి. మీ లాంగ్‌బో మొదటి స్కిల్ లాంగ్ రేంజ్ షాట్ పేరుకి తగ్గట్టే దూరం నుంచి కొడితే గట్టిగా, దగ్గర నుంచి కొడితే మెల్లగా తగులుతుంది. అందుకని మీరు వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతూ ఉంటారు. తప్పు మీది కాదు, ఆయుధమే అలా నేర్పింది. కానీ గ్రూపులో మైట్, ఫ్యూరీ, క్విక్‌నెస్ లాంటి వరాలు ఇచ్చేవాళ్లు ముందు గుట్ట దగ్గరే నిలబడి ఉంటారు. ఆ వరాలు వాళ్ల చుట్టూ కొద్ది దూరం వరకే, సాధారణంగా ఐదుగురికి అందుతాయి. మైట్ ఒక్కటే తీసుకోండి. లెవెల్ 80లో ఒక్కో స్టాక్‌కి (ఒక్కో పొరకి) 30 పవర్, 30 కండిషన్ డ్యామేజ్ పెరుగుతుంది, 25 స్టాక్స్ దాకా పేరుకుంటుంది. అంటే 750 పవర్ అక్కడ ఊరికే పంచుతుంటే మీరు గది అవతల నిలబడి బాణం దెబ్బ కొంచెం పెరిగిందని మురిసిపోతున్నారు. క్విక్‌నెస్ అందితే చేతులు ఎంత వేగంగా కదులుతాయో ఒకసారి చూశాక మీరే వెనక్కి వెళ్లరు. వైద్యం చేసే ఆయన చేయి కూడా మీ దాకా రాదు, మీరు పడిపోతే లేపడానికి ఎవరో ఒకరు పరిగెత్తుకుంటూ రావాలి.

కాబట్టి లాంగ్‌బో వదలనక్కర్లేదు. మీకు కావాల్సింది దగ్గర నిలబడి కొట్టగలిగే రెండో ఆయుధం.

ఆట మనకి రెండు ఆయుధాల సెట్లు ఇస్తుంది. ఒక సెట్టు నుంచి ఇంకో దానికి మారాక, పోరాటంలో మళ్లీ మారడానికి 10 సెకన్లు ఆగాలి. చాలామంది కొత్త రేంజర్లు ఒక సెట్టులో లాంగ్‌బో, రెండో దాంట్లో షార్ట్‌బో పెట్టుకుంటారు. రెండూ విల్లులే కదా అని. రెండు జతల గొడుగులు కొని చెప్పులు మరిచిపోయినట్టు ఉంటుంది అది. మొదటి ఆయుధం చేయలేని పని రెండోది చేయాలి. పైగా ఆ రెండు విల్లులు అసలు ఒక జాతివే కావు. ఎందుకో చెప్పాలంటే ముందు మీ కవచాల మీద ఉన్న పేర్ల గురించి మాట్లాడుకోవాలి. అసలు జబ్బు అక్కడే ఉందని నా అనుమానం.

ఈ ఆటలో దెబ్బ రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నేరుగా తగిలే దెబ్బ, దానికి పవర్, ప్రెసిషన్, ఫెరాసిటీ కావాలి. రెండోది కండిషన్: రక్తం కారడం, కాలడం, విషం ఎక్కడం. దానికి కండిషన్ డ్యామేజ్, కండిషన్‌ని ఎక్కువసేపు నిలిపే ఎక్స్‌పర్టీస్ కావాలి. నేరు దెబ్బని శత్రువు కవచం తగ్గిస్తుంది, కండిషన్‌కి ఆ కవచంతో పనిలేదు. కానీ కండిషన్ పేరుకోవడానికి టైమ్ పడుతుంది. బయట అడవిలో నాలుగు సెకన్లలో చచ్చే తోడేలు మీద పది సెకన్ల విషం ఎక్కిస్తే ఆరు సెకన్ల విషం వృథా.

మీరు దొరికినవి దొరికినట్టు వేసుకున్నానన్నారు. అంటే బహుశా ఒకటి సోల్జర్, ఒకటి రాబిడ్, ఒకటి క్లెరిక్ అయి ఉంటాయి. సోల్జర్ అంటే పవర్, టఫ్‌నెస్ (దెబ్బ తట్టుకునే గుణం), వైటాలిటీ (ప్రాణం పెంచేది). రాబిడ్ అంటే కండిషన్ డ్యామేజ్, టఫ్‌నెస్, ప్రెసిషన్. క్లెరిక్‌లో హీలింగ్ పవర్ పెద్ద వాటా తినేస్తుంది. విడివిడిగా ఏదీ చెడ్డది కాదు. కలిపితే మాత్రం ఏ పనికీ రాని కిచిడీ.

కిచిడీ ఎందుకు పనికిరాదో కొంచెం లెక్క వేసి చూపిస్తాను, విసుక్కోకండి. లెవెల్ 80లో ఏమీ లేకుండా మీ క్రిటికల్ అవకాశం 5 శాతం. క్రిటికల్ పడితే మామూలు దెబ్బకి ఒకటిన్నర రెట్లు. ప్రెసిషన్ 21 పెరిగితే అవకాశం 1 శాతం పెరుగుతుంది. ఫెరాసిటీ 15 పెరిగితే క్రిటికల్ దెబ్బ 1 శాతం పెరుగుతుంది. ఇప్పుడు మీరు కష్టపడి ఫెరాసిటీ 750 పోగేశారనుకోండి, క్రిటికల్ దెబ్బ 150 నుంచి 200 శాతానికి వెళ్లింది. కానీ అవకాశం ఆ 5 శాతం దగ్గరే ఉంటే, వంద బాణాల్లో ఐదే రెట్టింపు తగులుతాయి. మొత్తం మీద మీకు ఒరిగింది రెండున్నర శాతం. అదే అవకాశం 80 శాతం ఉన్నవాడికి అదే ఫెరాసిటీ వల్ల సగటు దెబ్బ 1.4 నుంచి 1.8 రెట్లకి వెళ్తుంది. ఆ రెట్లన్నీ మళ్లీ పవర్ మీద పడతాయి. మూడూ కలిసి పెరిగితేనే ఫలితం కనిపిస్తుంది, ఒక్కోటి విడిగా పెంచితే ఏదీ కనిపించదు. ఆ మూడూ ఒకే చోట ఇచ్చే పేరు బెర్సెర్కర్. అందుకే నేరు దెబ్బ వాళ్లంతా దాని చుట్టూ తిరుగుతారు. కండిషన్ వైపు వెళ్లేవాళ్లకి అలాంటి పేరు వైపర్: పవర్, కండిషన్ డ్యామేజ్, ప్రెసిషన్, ఎక్స్‌పర్టీస్. అది సంపాదించడం బెర్సెర్కర్ అంత సులువు కాదు.

మీకు నా సలహా నేరు దెబ్బ వైపే. లాంగ్‌బో చేతికి అలవాటు పడింది, అది పవర్ ఆయుధం. మొత్తం బెర్సెర్కర్ వేసుకుంటే ఒక్క దెబ్బకే పడిపోతానేమోనని భయమైతే కొన్ని ముక్కలు మరాడర్ పెట్టుకోండి. అందులో ఆ మూడింటితో పాటు వైటాలిటీ కూడా ఉంటుంది. వైటాలిటీ ఒక్కో పాయింటుకి 10 ప్రాణం. లెవెల్ 80 రేంజర్‌కి ఏమీ లేకుండా ఉండే ప్రాణం 15,922. దాని మీద మరో రెండు మూడు వేలు ఉంటే మొదటి నెల గుండె నిబ్బరంగా ఉంటుంది. డాడ్జ్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) కుదిరే కొద్దీ మరాడర్ ముక్కలు ఒక్కోటి తీసేయొచ్చు. టఫ్‌నెస్ మాత్రం గ్రూపుకి వెళ్లేటప్పుడు వద్దు, చాలామంది శత్రువులు ఎవరికి టఫ్‌నెస్ ఎక్కువుంటే వాళ్ల వైపు తిరుగుతారు.

సామాను నాణ్యతలో ఎగ్జోటిక్ మెట్టు చాలు. దాని పై మెట్టు అసెండెడ్ సామాను దానికంటే ఓ 5 శాతం మేలు, అంతే. మొత్తం ఎగ్జోటిక్ బెర్సెర్కర్ వేసుకున్నవాడు, అడ్డదిడ్డంగా అసెండెడ్ వేసుకున్నవాణ్ని ఇట్టే దాటేస్తాడు. ఒక్క మినహాయింపు ఫ్రాక్టల్స్‌లోనే ఉంది. పై స్థాయిలకి వెళ్లేకొద్దీ అగనీ అనే దెబ్బ తగులుతుంది, దాన్ని తట్టుకునే ఇన్ఫ్యూజన్లు పెట్టుకోవడానికి అసెండెడ్ సామాను కావాలి. అది అవసరమైనప్పుడు ఉంగరాలు, వెనక తగిలించుకునే బ్యాక్ ఐటమ్‌తో మొదలుపెట్టండి.

సరే, రెండో ఆయుధం. నా ఓటు గ్రేట్‌సోర్డ్‌కి.

రెండు చేతుల ఆయుధం కాబట్టి ఐదు స్కిల్సూ దానివే. రెండోది మాల్, అసలు సిసలు దెబ్బ, చుట్టుపక్కల వాళ్లకీ తగులుతుంది. మూడోది స్వూప్, పరుగెత్తి దూకి మీద పడతారు. పారిపోవడానికి కూడా ఇంతకంటే మంచి స్కిల్ లేదు, ఎవరినీ టార్గెట్ చేయకుండా ఎదురు దిక్కుకి తిరిగి నొక్కితే చాలు. నాలుగోది కౌంటర్ అటాక్, కాసేపు వచ్చే దెబ్బల్ని ఆపుతుంది. బాస్ చేయి ఎత్తగానే నొక్కి నిలబడండి, డాడ్జ్ ఒకటి మిగులుతుంది. ఐదోది హిల్ట్ బాష్. ఎదురుగా కొడితే శత్రువు స్కిల్ ఆగుతుంది, వెనక నుంచి కొడితే స్టన్ అవుతాడు. బ్రేక్‌బార్‌కీ పనికొస్తుంది. దెబ్బ, దూకుడు, డాలు, స్టన్ నాలుగూ ఒకే కత్తిలో ఉన్నాయి. లాంగ్‌బోలో లేనివి కూడా సరిగ్గా ఇవే.

రెండూ కలిపి ఎలా ఆడాలంటే: పోరాటం మొదలయ్యేటప్పుడు మీరు దూరంగానే ఉంటారు. గుట్ట మీద బరాజ్ వేయండి, ఐదో స్కిల్, బాణాల వాన. వెంటనే రెండో స్కిల్ రాపిడ్ ఫైర్. ఆ బాణాలు దగ్గర్నుంచి వేసినా బలం తగ్గదు, పైగా ఒక్కోటీ వల్నరబిలిటీ పెడుతుంది. వల్నరబిలిటీ ఒక్కో స్టాక్‌కి శత్రువు తినే దెబ్బ 1 శాతం పెరుగుతుంది, అది మీ ఒక్కరికే కాదు, గ్రూపు మొత్తానికీ పనికొస్తుంది. రాపిడ్ ఫైర్ అయిపోగానే ఆయుధం మార్చి, స్వూప్‌తో గుట్టలోకి దూకండి. ఇప్పుడు మీరు వరాలు పంచే చోట ఉన్నారు. మాల్, మామూలు దెబ్బలు, మళ్లీ మాల్. పది సెకన్లు అయ్యాక విల్లుకి మారితే ఆ రెండు స్కిల్స్ మళ్లీ తయారుగా ఉంటే ఉంటాయి, అక్కడే నిలబడి వేసేయండి, వెనక్కి పరిగెత్తకండి. గుట్టలో నిలబడి విల్లు మొదటి స్కిల్‌తో మాత్రం కాలక్షేపం చేయొద్దు. ఈ ఆటలో అంతకంటే నీరసమైన దెబ్బ వెతికినా దొరకదు.

కొందరు శత్రువులు బాణాల్ని తిరగ్గొడతారు. రాపిడ్ ఫైర్ నొక్కగానే మీ ప్రాణమే తగ్గిపోతుంటే కారణం అదే, మీ బాణాలు మీకే తగులుతున్నాయి. అలాంటప్పుడు కత్తి తీయండి.

ఇక షార్ట్‌బో. ఇందాక వేరే జాతి అన్నాను కదా, అది కండిషన్ ఆయుధం. దాని మొదటి స్కిల్ క్రాస్‌ఫైర్ శత్రువుకి పక్క నుంచో వెనక నుంచో తగిలితేనే రక్తం కారుతుంది. ఎదురుగా నిలబడి కొడితే ఉత్త బాణమే. బెర్సెర్కర్ కవచం వేసుకుని షార్ట్‌బో పట్టుకోవడం, వైపర్ వేసుకుని లాంగ్‌బో పట్టుకోవడం, రెండూ ఒకే తప్పు. ఎప్పటికైనా కండిషన్ వైపు వెళ్లాలనిపిస్తే షార్ట్‌బోకి జంటగా ఒక చేతిలో యాక్స్, రెండో చేతిలో టార్చ్ పెట్టుకోండి. టార్చ్ అంటే కరెంటు పోతే వెతుక్కునేది కాదు, కాగడా. ఒకటి విసిరితే శత్రువు అంటుకుంటాడు, రెండోదానితో నేల మీద మంట పెట్టొచ్చు. యాక్స్‌లో స్ప్లిట్‌బ్లేడ్ ఒకేసారి ఐదు గొడ్డళ్లు విసురుతుంది. దగ్గరగా వెళ్లి విసిరితే అన్నీ ఒకడికే తగులుతాయి, రక్తం ధారగా పోతుంది. విడి ఆయుధాల్లో కుడి చేతిది మొదటి మూడు స్కిల్స్, ఎడమ చేతిది చివరి రెండు. కాబట్టి టార్చ్ నచ్చకపోతే డాగర్ పెట్టుకుని విషం దారి పట్టొచ్చు, పవర్ వాళ్లయితే కుడి చేతి కత్తికి జంటగా వార్‌హార్న్ పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకి మైట్, ఫ్యూరీ ఊదొచ్చు.

మిగతావి ఎక్స్‌పాన్షన్లతో, అంటే ఆటకి విడిగా కొనుక్కునే కొనసాగింపులతో వచ్చాయి. 2015లో హార్ట్ ఆఫ్ థార్న్స్‌తో డ్రూయిడ్ అనే రేంజర్ స్పెషలైజేషన్‌కి స్టాఫ్ వచ్చింది, అది వైద్యం చేసేవాళ్లది, మీ దారి కాదు. 2017లో పాత్ ఆఫ్ ఫైర్‌తో సోల్‌బీస్ట్‌కి కుడి చేతి డాగర్, 2022లో ఎండ్ ఆఫ్ డ్రాగన్స్‌తో అన్‌టేమ్డ్‌కి హామర్ వచ్చాయి. 2023లో సీక్రెట్స్ ఆఫ్ ది అబ్‌స్క్యూర్ వచ్చాక ఈ ఆయుధాల్ని ఆ స్పెషలైజేషన్ లేకుండా కూడా పట్టుకునే వీలు కలిగింది. నీళ్లలోనే వాడే స్పియర్‌ని 2024లో జాంతీర్ వైల్డ్స్ నేల మీదకి తెచ్చింది. హామర్ బ్రేక్‌బార్ విరగ్గొట్టడంలో గట్టిది. ఇవన్నీ కొనాల్సిన పని ఇప్పుడు లేదు.

ట్రెయిట్స్‌కి, అంటే పాత్రకి మనం ఎంచుకునే అదనపు గుణాలకి వద్దాం. ఐదు మూల లైన్లలో మూడు పెట్టుకుంటారు. మీకు మార్క్స్‌మన్‌షిప్, స్కిర్మిషింగ్, బీస్ట్‌మాస్టరీ. మొదటిది తొలి దెబ్బకీ లాంగ్‌బోకీ, రెండోది క్రిటికల్‌కీ, మూడోది పెట్‌కీ. నేచర్ మ్యాజిక్ గ్రూపుకి సాయం చేసేవాళ్లది. వైల్డర్‌నెస్ సర్వైవల్ గట్టిగా నిలబడటానికీ, కండిషన్ బిల్డ్‌లకీ. పోరాటంలో లేనప్పుడు ట్రెయిట్స్ ఎన్నిసార్లు మార్చినా పైసా ఖర్చు లేదు కాబట్టి భయపడకుండా మార్చి చూడండి. ఆయుధంతో పనిలేని యుటిలిటీ స్కిల్స్‌లో పెట్‌ని ఉసిగొల్పే "సిక్ ఎమ్" ఒకటి, దూకి తప్పించుకునే లైట్నింగ్ రిఫ్లెక్సెస్ ఒకటి, మూడోది మీ ఇష్టం. ఆరు కవచ ముక్కల్లోనూ ఒకే రూన్ (కవచంలో పొదిగేది) పెట్టండి, రకానికొకటి పెట్టొద్దు. కవచాల కిచిడీలాగే అదీ పనికిరాదు. ఆయుధాల్లో పొదిగేవి సిజిల్స్, వాటిలో సిజిల్ ఆఫ్ ఫోర్స్ ఉంటే దెబ్బ 5 శాతం పెరుగుతుంది, దాని పక్కన సిజిల్ ఆఫ్ అక్యురసీ క్రిటికల్ అవకాశాన్ని 7 శాతం పెంచుతుంది. బెర్సెర్కర్ పూర్తయ్యేదాకా ఈ రెండూ చాలు.

ఎక్స్‌పాన్షన్ కొనే ఆలోచన ఉంటే మూడో లైన్‌లో బీస్ట్‌మాస్టరీ తీసేసి సోల్‌బీస్ట్ పెట్టుకోండి. అందులో ఎఫ్ 5 నొక్కితే పెట్ మీలో కలిసిపోతుంది, దాని స్కిల్స్ మీ చేతికి వస్తాయి, దాని జాతిని బట్టి మీ గుణాలూ పెరుగుతాయి. గుట్ట మధ్యలో పెట్ చచ్చిపోయే తలనొప్పి ఉండదు. లాంగ్‌బో, గ్రేట్‌సోర్డ్ పట్టుకున్నవాళ్లకి అన్నిటికంటే హాయిగా ఉండే దారి ఇదేనని నా అభిప్రాయం. అన్‌టేమ్డ్ బాగుంటుంది కానీ చేతినిండా పని. పెట్‌ని ఉసిగొల్పాలా, మీరే రెచ్చిపోవాలా అని మాటిమాటికీ తేల్చుకుంటూ ఉండాలి. డ్రూయిడ్ వైద్యం నేర్చుకోవాలనుకున్నప్పుడు చూద్దురుగాని. గ్రూపులు ఎదురొచ్చి పిలుస్తాయి, కానీ దానికి కవచాలు మొత్తం వేరే కొనాలి.

ఇదంతా నా మాట నమ్మి కొనేయకండి. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పీవీపీ లాబీ హార్ట్ ఆఫ్ ది మిస్ట్స్‌కి వెళ్లండి. అక్కడ మీ కవచం లెక్కలోకి రాదు, గుణాలన్నీ మీరు ఎంచుకున్న అమ్యులెట్ నుంచే వస్తాయి. చేతిలో మామూలు గ్రేట్‌సోర్డ్ ఉన్నా సరిపోతుంది. బొమ్మలా నిలబడే గోలెమ్స్ ఉంటాయి, వాటి మీద అరగంట స్వూప్, మాల్ నొక్కి చూడండి. స్కిల్ అంకెలు పీవీపీలో కొంచెం వేరుగా ఉంటాయి కాబట్టి డ్యామేజ్ చూసి నిర్ణయించొద్దు, చేతికి నచ్చిందా లేదా అన్నదే చూడండి. నచ్చకపోతే కుడి చేతిలో స్వోర్డ్ పట్టుకుని చూడండి. తయారు బిల్డ్‌లు నెట్‌లో బోలెడు దొరుకుతాయి, వాడుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే వాటిలో పెద్ద అంకెలన్నీ వరాలన్నీ అందుతున్న పదిమంది గ్రూపులో, కదలని బొమ్మని కొట్టి తెచ్చినవి. ఒంటరిగా అడవిలో ఆ బిల్డ్‌తో తిరిగితే ఆ అంకెలో సగం కూడా రాకపోవచ్చు. అది మీ చేతకానితనం అనుకోకండి.

ఆటలో రెండు ఎక్విప్‌మెంట్ టెంప్లేట్లు, మూడు బిల్డ్ టెంప్లేట్లు మొదట్నుంచే ఉంటాయి, మీ ఎంపికల్ని వాటిలో దాచుకోవచ్చు. ఒకటి గ్రూపుకి, ఒకటి ఒంటరి తిరుగుడికి పెట్టేసుకుంటే ఫ్రాక్టల్ గుమ్మంలో నిలబడి కవచాలు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇప్పుడు భల్లూకరావు. బేర్‌బో అనే ఎగతాళి ఈ ఆటలో చాలా పాతది. ఎలుగు ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది కానీ తక్కువ కొడుతుంది. ఎలుగుని ముందుకి తోసి వెనకాల దూరంగా నిలబడి విల్లు లాగేవాడు గ్రూపుకి ఏమీ చేయడని ఆ మాటకి అర్థం. మీ కవచం గుణాలు పెట్‌కి రావు. పెట్ ఎంత కొడుతుందన్నది దాని జాతి మీద, మీ ట్రెయిట్స్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే గ్రూపుకి వెళ్లేటప్పుడు పిల్లి జాతుల్లో ఒకటి ముందు పెట్టుకోండి, అవి గట్టిగా కొడతాయి, త్వరగా చస్తాయి కూడా. పడిపోబోతోందని అనిపించగానే, పడకముందే రెండో పెట్‌కి మార్చేయాలి. చచ్చాక మారిస్తే మళ్లీ మార్చడానికి ఎక్కువసేపు ఆగాల్సి వస్తుంది.

మీకు ఒకేసారి రెండు పెట్స్ ఉంటాయి కదా, ఆ రెండో స్థానం భల్లూకరావుకి ఇవ్వండి. బ్రౌన్ బేర్ చేసే "షేక్ ఇట్ ఆఫ్" దగ్గర ఉన్న మీ వాళ్ల మీద పడ్డ కండిషన్లని దులిపేస్తుంది. విషం, మంటలు ఎక్కువున్న ఫ్రాక్టల్‌లో అది నిజంగానే గ్రూపుకి సాయం, నవ్వినాయనకి కూడా. ఎప్పుడైనా కండిషన్ బిల్డ్ పెట్టి షార్ట్‌బో పట్టుకుని ఒంటరిగా తిరిగితే ఎలుగునే ముందుకి పంపండి. శత్రువు దాని వైపు తిరిగి ఉంటాడు, మీరు నాలుగడుగులు పక్కకి జరిగి క్రాస్‌ఫైర్ వేసుకుంటూ పోవచ్చు.

వచ్చే వారం ఫ్రాక్టల్‌కి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. ఆప్షన్స్‌లోకి వెళ్లి నాలుగో ఆయుధ స్కిల్ కీని వేలికి వెంటనే తగలని చోటికి మార్చుకోండి, గ్రేట్‌సోర్డ్ కౌంటర్ అటాక్‌కీ అదే కీ అని మాత్రం గుర్తుంచుకోండి. నేను దాన్ని కీబోర్డులో అవతలి అంచుకి పంపించాను, ఇప్పటికీ అక్కడే ఉంది.